122.8లో మా బావ

ఆ విమానాశ్రయం వైపు కారు తిప్పడానికి ఇంకా మొహం చెల్లడం లేదు. ఊరికే ఇంట్లో కూర్చుని ఉడుక్కునే బదులు రాసి పారేద్దామని కూర్చున్నా.

సంగతి ఇదీ. డాలస్‌కి ఉత్తరాన, టవరు కూడా లేని ఓ చిన్న ఎయిర్‌పోర్టులో 1978 నాటి సెస్నా 172 అనే చిన్న విమానం ఒకటుంది. అందులో నాకు నాలుగో వంతు వాటా. రాజమండ్రి నుంచి అక్కా బావా వచ్చారు. వచ్చిన రెండోపూటే బావ "ఏరా, విమానం కొన్నావట, ఎక్కించవా?" అన్నాడు. ఎక్కించకపోతే రాజమండ్రిలో ఏం చెబుతాడో తెలుసు కాబట్టి ఎక్కిస్తానన్నాను.

నాలుగు సీట్లున్నాయి కదా అని నలుగురూ ఎక్కి కూర్చోవడానికి అది షేర్ ఆటో కాదు. మా విమానం మొత్తం బరువు 2,300 పౌండ్లు దాటకూడదు. ఖాళీగానే 1,480 ఉంటుంది. ట్యాంకుల నిండా పోస్తే వాడుకునే పెట్రోలు 40 గ్యాలన్లు, గ్యాలనుకి ఆరు పౌండ్ల చొప్పున 240. ఇక మనుషులకీ సంచులకీ కలిపి మిగిలేది 580. మా ఆవిడకి ఈ లెక్క మొదట్నుంచీ కంఠతా వచ్చు. "మీరు ముగ్గురూ వెళ్ళండి, నేను ఇంట్లో నిద్రపోతా" అంది. ఆవిడ చేసిన త్యాగంలో నిద్ర వాటా ఎంతో నేను అడగలేదు.

అక్క బరువు అక్క చెప్పింది. బావ కుర్చీలోంచి లేవకుండా "ఎనభై కేజీలు, రాసుకో" అన్నాడు. తాసిల్దారు ఆఫీసులో సర్వే నంబరు చెప్పినంత ధీమాగా వచ్చింది ఆ మాట. రాసుకున్నా.

బయల్దేరే ముందు చేయాల్సినవన్నీ చేశాను, ఎవరికీ అనుమానం అక్కర్లేదు. రెక్కల కింద నుంచి గొట్టంలోకి పెట్రోలు తీసి, నీలంగా ఉందా, అడుగున నీటిబొట్టు చేరిందా అని వెలుగుకేసి పట్టి చూశాను. బావ కూడా వంగి చూసి, "ఏం, ఇక్కడా కల్తీయేనా?" అన్నాడు. బెల్టులు ఎలా పెట్టుకోవాలో, ఎలా తీయాలో, తలుపు ఎలా తెరవాలో చెప్పాను. బెల్టుల సంగతి చెప్పి తీరాలని రూలు. "ఇంకోటి బావా, ముందు ఏదీ ముట్టుకోకండి" అన్నాను. "నేనెందుకు ముట్టుకుంటానురా, చిన్నపిల్లాడినా?" అన్నాడు బావ.

లేచాం.

మూడు వేల అడుగుల దగ్గర గాలి మెత్తగా ఉంది. వెనక సీట్లోంచి అక్క ఫోను ముందుకి చాచి "ఏవండీ, ఆ హ్యాండిలు పట్టుకోండి, ఫోటో తీస్తా" అంది. హ్యాండిలంటే యోక్, విమానాన్ని తిప్పే స్టీరింగన్నమాట. కుడివైపు కూర్చున్నవాళ్ళకీ ఒకటి ఉంటుంది. సరే, ఫోటోకే కదా, తిప్పకుండా పట్టుకుంటే చాలన్నాను. బావ రెండు చేతులా పట్టుకున్నాడు. ఒకసారి నవ్వుతూ, ఒకసారి గంభీరంగా, ఒకసారి దూరంగా ఏదో చూస్తున్నట్టు. మూడోదాని కోసం పట్టు కాస్త బిగించాడు.

ఇక్కడ ఆగి ఆ బటను గురించి చెప్పాలి. యోక్ కొమ్ము మీద వేలికి అందేలా ఒక చిన్న బటనుంటుంది. అది నొక్కితే మన మాట రేడియోలో పోతుంది. వదిలితే అవతలివాళ్ళ మాట వినిపిస్తుంది. రెండూ ఒకేసారి కావు. నొక్కి ఉన్నంతసేపూ మనం చెబుతూనే ఉంటాం, ఎవరు అరిచినా మనకి చేరదు. టవరు లేని ఎయిర్‌పోర్టులకి ఈ రేడియోనే దిక్కు. ఎవరికి వారు "నేను ఫలానా చోట ఉన్నా, ఫలానా రన్‌వేకి వస్తున్నా" అని ఒకే ఫ్రీక్వెన్సీలో చాటుకుంటూ దిగాలి. మా ఎయిర్‌పోర్టుది 122.8. ఆ 122.8 మాదొక్కటే అయితే బాధే లేదు. చుట్టుపక్కల బోలెడు చిన్న ఎయిర్‌పోర్టులదీ అదే. మూడు వేల అడుగుల ఎత్తు నుంచి మాట్లాడితే అరవై మైళ్ళ పైచిలుకు వినిపిస్తుంది. అంటే కాకినాడ మీద ఎగురుతూ మాట్లాడితే రాజమండ్రి దాటి అవతలిదాకా.

మా విమానంలో ఆ కుడి బటను నొక్కితే లోపలికి పోతుంది గానీ బయటికి రాదు. ఈ విషయం మా నలుగురు వాటాదారుల్లో ఒకాయనకి ముందే తెలుసు. ఆయన సంగతి తర్వాత.

కొత్త రేడియోలైతే అర నిమిషం పైన బటను వదలకపోతే వాటంతట అవే నోరు మూసుకుంటాయి. మాది పాతది. మనం నోరు తెరిచి ఉన్నామని చెప్పడానికి దాని అద్దంలో అంకెల పక్కన ఒక బుల్లి 'టి' వెలుగుతుంది. టెక్సాస్ ఎండలో ఆ 'టి' చూడాలంటే చెయ్యి అడ్డం పెట్టుకుని ముక్కు ఆనించాలి. నేను బయటికి చూస్తున్నాను. పైలట్లు బయటికే చూడాలని కదా నేర్పేది!

ఇంకో సదుపాయం కూడా ఉంది. విమానంలో ఉన్నవాళ్ళం హెడ్‌సెట్లు పెట్టుకుని మాట్లాడుకునే ఇంటర్‌కమ్‌లో ఎవరి బటను నొక్కి ఉంటే వాళ్ళ మైకు ఒక్కటే బయటికి పోతుంది. అక్క మాట లోపలే ఉంటుంది. నా మాట నా బటను నొక్కినప్పుడే వెళ్తుంది. కాబట్టి ఉత్తర టెక్సాస్ మొత్తానికి వినిపించింది బావ ఒక్కడే. మా ముగ్గురి సంభాషణలో మూడో వంతు మాత్రమే.

బావకి తేడా తెలిసింది పాపం. "ఒరేయ్, ఇందులో నా గొంతు ఇందాకటి కన్నా భలే గంభీరంగా ఉందిరా" అన్నాడు. రేడియోలో వెళ్ళే మాట మన చెవుల్లో అలా తిరిగి మోగుతుంది. నాకు అప్పుడే వెలగాలి. "ఎత్తుకి వచ్చాం కదా బావా" అన్నాను. ఎత్తుకీ గొంతుకీ సంబంధమేమిటని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు. బావ అడగలేదు. గొంతు బాగుందని తెలిశాక ఇంక ఆపలేదు.

"నాలుగో వంతంటే నీ ముక్క ఏదిరా? రెక్కా, తోకా?"

మొత్తం అందరిదీ అని చెప్పాను.

"అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నమాటే."

ఖర్చుల గురించి అడిగితే చెప్పాను. ఏడాదికోసారి లైసెన్సున్న మెకానిక్ విప్పి చూసి సంతకం పెట్టాలనీ, పెట్టకపోతే ఎగరకూడదనీ, ఇంజను రెండు వేల గంటలకి మళ్ళీ కట్టించమంటారనీ.

"అయితే కొనడం కాదు, పెళ్ళి చేసుకున్నావన్నమాట." అక్క ఏదో అంది. "నిన్ను కాదే, విమానాన్ని."

కింద చెరువులు, గడ్డి, ఎర్రావులు. "ఇక్కడ ఎకరం ఎంతుంటుందిరా? నీళ్ళున్నాయి, రోడ్డుంది. అయిదెకరాలు తీసి పడేస్తే?... ఆవులతో సహా ఇస్తారా?"

ఈలోగా ఎడమవైపు నుంచి ఓ తెల్ల పైపర్ విమానం కాస్త దూరంలో మాకు సమాంతరంగా వచ్చింది. రెక్కలు ఇటూ అటూ ఊపింది. రెండోసారి ఇంకా గట్టిగా ఊపింది. బావ పరవశించిపోయాడు. "చూశావా, ఎంత మర్యాదస్తులో!" అని ఇద్దరం... కాదు, ముగ్గురం చేతులు ఊపాం. నేనైతే బాకీ ఉంచుకోకూడదని మా రెక్కలు కూడా ఊపాను. పైపర్ పైలట్ తన చెవి చూపించి, నోటి దగ్గర చెయ్యి పెట్టి కత్తెరలా ఆడించాడు. "భోంచేశారా అంటున్నాడు" అన్నాడు బావ. పెద్దగా, తెలుగులో, రేడియోలోనే జవాబు కూడా చెప్పాడు: "అయిందండీ, ఉప్మా!"

పైపర్ వెళ్ళిపోయింది.

నాకు ఆకాశం ఎంత ప్రశాంతంగా అనిపించిందో చెప్పలేను. ఆదివారం పొద్దున, ఇంత మంచి ఎండ, రేడియోలో ఒక్క పురుగు లేదు. అందరూ చర్చికి వెళ్ళారేమో అనుకున్నాను. మధ్యమధ్య నా బటను నొక్కి ఎక్కడున్నానో పద్ధతిగా ఇంగ్లిషులో చెబుతూనే ఉన్నాను. ఎవరూ పలకలేదు.

అప్పుడు వెనక నుంచి అక్క అడిగింది, బరువు ఎంతని చెప్పారండీ అని. బావ నా వైపు చూడకుండా, కిటికీలోకి చూస్తూ, ఆ గంభీరమైన గొంతుతోనే అన్నాడు:

"ఎనభై అన్నాలే. తొంభై నాలుగంటే ఎక్కించుకోడేమోనని."

పద్నాలుగు కేజీలంటే ముప్పై ఒక్క పౌండ్లు. అయిదు గ్యాలన్ల పెట్రోలు బావ పొట్టలో దాచుకుని ఎక్కాడన్నమాట. ఆ అయిదు గ్యాలన్లతో మా సెస్నా అరగంట పైన ఎగురుతుంది. నేను మోకాలి మీది కాగితం మీద గబగబా కూడాను. ఇంకా హద్దు లోపే ఉన్నాం, ప్రమాదం లేదు. అయినా ఎక్కేవాళ్ళు చెప్పిన బరువు నమ్మి బ్యాలెన్సు గీసుకునే పైలట్లందరి తరఫునా నాకు కోపం వచ్చింది. "బావా!" అన్నాను. "ఆ తూకం మిషనే మోసం రా" అన్నాడు.

దిగాం. దిగడం గురించి చెప్పడానికేం లేదు. చక్రాలు తగిలి విమానం ఒక్కసారి కుదిపింది, బటను టక్కున బయటికొచ్చింది, హెడ్‌సెట్‌లో ఒకేసారి ముగ్గురో నలుగురో అరిచారు.

పార్కింగ్ పక్కన ఓ చిన్న ఆఫీసు. అందులో కాఫీ, పాత సోఫా, గోడకి స్పీకరు. ఆ స్పీకరులో 122.8 రోజంతా మోగుతుంది. ఆ సోఫాలో రిటైరైన పెద్దమనుషులు నలుగురైదుగురు ప్రతి ఆదివారం కూర్చుంటారు, ఎవరు ఎలా దిగారో మార్కులు వేయడానికి. తలుపు తీయగానే అందరూ లేచి నిలబడ్డారు. చప్పట్లు బావకి.

మూల కుర్చీలో ఓ కుర్రాడున్నాడు. ఖమ్మం. ఫ్లైయింగ్ నేర్చుకుంటున్నాడు. ఫ్రీక్వెన్సీ నిండా మా బావే ఉండేసరికి వాళ్ళ ఇన్‌స్ట్రక్టరు "ఇది తెరిపిచ్చేదాకా ఎగిరేది లేదు" అని కూర్చోబెట్టాడట. ఆ పెద్దమనుషులు ఇది ఏ భాష అని అడిగారు. మాదే అన్నాడు. అంతే, తర్వాత పావుగంట పైనే లైవ్ అనువాదం. "సారీ అన్నా. మొదట కొంచెం వదిలేసిన. కానీ వాళ్ళు నవ్వడం మొదలుపెట్టినంక ఆపనీయలే" అన్నాడు. పెళ్ళి చేసుకున్నావన్న మాట దగ్గర రెండుసార్లు చెప్పించుకున్నారట. మధ్యలో నా ఇంగ్లిషు మాటలొచ్చినప్పుడు మాత్రం బావ మాటకి ఎవరో అడ్డొస్తున్నట్టు విసుక్కున్నారట.

ఓ పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "మరి నీది రెక్కా, తోకా?" అన్నాడు. ఇంకొకాయన బావకి తన ఫోన్ నంబరు రాసిచ్చాడు. ఆ చెరువు పక్క భూమి ఆయనదేనట. ఆవులతో సహా ఇస్తాడట. ఎవరూ బావనేమీ అనలేదు. నవ్వుల మధ్య నుంచి ఇన్‌స్ట్రక్టరు నన్ను పక్కకి పిలిచి, విమానంలో ఏం జరిగినా బాధ్యత కమాండులో ఉన్న పైలట్‌దేనని గుర్తుచేశాడు. నాకు తెలుసన్నాను. ఆ కుర్రాడి గంట పాఠం పోయినందుకు డబ్బులిస్తానంటే వద్దన్నాడు. "ఇంత తెలుగు విని చానా రోజులైందన్నా." అక్క మాత్రం కారు ఎక్కేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఎక్కాక "తొంభై నాలుగని ఇన్ని ఊళ్ళకి చెప్పుకోవాలా?" అని ఒక్క ముక్క అంది.

ఇప్పుడు ఆ వాటాదారు. పేరెందుకులెండి. ఆయనకి రూల్సు పుస్తకం కంఠతా. సొంతదారు తనంతట తాను ఏవేవి బాగుచేసుకోవచ్చో ఓ జాబితా ఉంటుంది: ఆయిలు మార్చడం, టైరు మార్చడం, ల్యాండింగ్ లైటు వైరు తెగితే కలపడం. అవన్నీ ఆయనే చేసి మెకానిక్ డబ్బులు మిగులుస్తాడు, కాదనను. మైకు బటను మాత్రం ఆ జాబితాలో లేదు. కనుక ముట్టుకోలేదు. ముట్టుకోలేదు కాబట్టి విమానంలో పెట్టిన ఫిర్యాదుల పుస్తకంలో రాయలేదు. పని చేయని సామాను ఉంటే దాన్ని విప్పేసో, కనెక్షను తీసేసో, పైన 'పని చేయదు' అని చీటీ అంటించాలని కూడా అదే రూల్సు పుస్తకంలో ఉంది. ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆయన కంఠం పట్టేసినట్టుంది. ఫోను చేస్తే "అదా, నొక్కితే ఇరుక్కుంటుంది. గోరుతో పైకి లాగాలి. అందరికీ తెలుసనుకున్నా" అన్నాడు. అందరూ అంటే ఎవరో మిగతా ఇద్దర్నీ అడిగాను. వాళ్ళకీ తెలీదు.

సోమవారం నేనే మెకానిక్‌తో మాట్లాడి కొత్త బటను వేయమన్నాను. బిల్లు మా గ్రూపులో పెట్టి నాలుగు భాగాలు చేశాను. ఇద్దరు వెంటనే పంపేశారు. ఆయన దగ్గర్నుంచి రాత్రి పదకొండుకి మెసేజ్ వచ్చింది: "నేనెప్పుడూ ఎడమవైపే కూర్చుంటా. కుడివైపు బటనుకి నేనెందుకు కట్టాలి?"