పోల్ ముక్క లేని టెంట్ ఎవరికి?
తయారీ ఆగిపోయిన టెంట్‌ని తక్కువ ధరకి అమ్మితే తప్పులేదు. సంచిలో ఏమున్నాయో లెక్కపెట్టకుండా అంటగట్టడమేంటి? నేలలో దిగ్గొట్టే మేకులు తక్కువైతే పోనీ, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. టెంట్‌ని నిలబెట్టే పోల్ ముక్కలు ముక్కలుగా కలిపే కర్ర, అందులో ఒక్క ముక్క లేకపోయినా టెంట్ నిలబడదు. ఫైబర్‌గ్లాస్ పోల్ మందం 7.9 మిల్లీమీటర్లా, 8.5 మిల్లీమీటర్లా? ఎక్కడా రాయరు. 8.5 ముక్క, 7.9 ముక్కల్ని కలిపే గొట్టంలో దూరదు. తిరగేసి 8.5 గొట్టంలో 7.9 ముక్క పెడితే వదులుగా ఊగి, వంచగానే నిలువునా చీలుతుంది, పీచు అరచేతిలో గుచ్చుకుంటుంది.

పోల్ పొడవు చెప్పే కాగితమూ ఉండదు, మనమే కొలుచుకోవాలి. పోల్ విల్లులా వంగుతుంది కాబట్టి మూల నుంచి మూలకి నేలమీద కొలిస్తే పొట్టిదవుతుంది. పోల్ దూరే కుట్టు వెంబడే టేపు పెట్టాలి. ఇక పైన కప్పే వాన గుడ్డే లేకపోతే మరీ ఘోరం, లోపలిది చాలావరకు దోమతెరే. పొడవు, మందం, ముక్కల లెక్క చీటీ మీద రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?