ఇంట్లో బీరు: రుచంతా తోమడంలో, ఆగడంలో

టెక్సాస్‌లో నేను మొదటిసారి కాచిన బీరు ఆగస్టులో, గరాజ్‌లో పులిసింది. బయట 38 డిగ్రీలు. మూడో రోజు మూత తీస్తే మగ్గిపోయిన అరటిపండ్ల వాసన, దాని వెనకే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. 19 లీటర్లూ సింకులో పోశాను. బీరు కిట్ (సరుకులూ సామాన్లూ కలిపి అమ్మే పెట్టె) బాగాలేదని చాన్నాళ్లు తిట్టుకున్నాను గానీ దాని తప్పేమీ లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డబ్బూ, బుర్రా రెండూ రెసిపీ మీదే పెడతారు. ఏ హాప్స్ (చేదూ వాసనా ఇచ్చే పువ్వులు), ఏ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) అని రాత్రుళ్లు వెతుకుతారు. నిజానికి అది తేలిక భాగం. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ నుంచి తీసిన చక్కెర పాకం లేదా పొడి) నీళ్లలో కలిపి గంటసేపు మరిగించాలి. హాప్స్ మొదట్లో వేస్తే చేదు, చివర్లో వేస్తే వాసన. చల్లార్చి ఈస్ట్ (చక్కెరని ఆల్కహాల్‌గా పులియబెట్టే సూక్ష్మజీవి) కలపాలి. సాంబారు పెట్టగలిగినవాళ్లు ఎవరైనా చేసేస్తారు.

ఆ తర్వాతి పని ఈస్ట్‌ది, దానికి వేడి పడదు. ఏల్ అనే మామూలు రకం బీరు ఈస్ట్‌కి 18 నుంచి 20 డిగ్రీలు హాయిగా ఉంటుంది. పైగా పులిసేటప్పుడు వేడి పుడుతుంది కాబట్టి గదికన్నా బకెట్ లోపల నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉండొచ్చు. దోసెల పిండి చలికాలంలో పులవక ఓవెన్‌లో లైటు వేసి పెట్టడం, ఎండాకాలంలో తెల్లారేసరికి గిన్నె పొంగి గట్టంతా పాకడం మన ఇళ్లలో అందరికీ తెలుసు. అదే తెలివి బీరుకి వాడం. బకెట్‌ని నీళ్ల టబ్బులో పెట్టి, తడి తువ్వాలు చుట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పూటకొకటి మారిస్తే చాలు. ఖరీదైన ఫ్రిజ్ అక్కర్లేదు.

రెండోది తోమడం. మరిగేటప్పుడు క్రిములు ఎలాగూ చస్తాయి. చల్లారాక తగిలే ప్రతి గరిటె, గొట్టం, మూతతోనే టెన్షన్. బకెట్ కింద ప్లాస్టిక్ కుళాయిని ఒకసారి ఊడదీసి చూడండి: పోయినసారి బీరు దాని మరచుట్ల సందుల్లో గోధుమరంగు జిగురులా ఎండిపోయి ఉంటుంది. దాని మీద శానిటైజర్ ఎంత పోసినా లాభం లేదు. ముందు కడగాలి, ఆ తర్వాతే శానిటైజర్.

మూడోది ఆగడం, నాకు ఇప్పటికీ చేతకానిది. కిట్ మీద రెండు వారాలని రాసి ఉంటుంది, మనం రోజులు లెక్కపెడతాం. బుడగలు ఆగాయంటే పులియడం అయిపోయినట్టు కాదు. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచే గాజు గొట్టం) చూడాలి. నీళ్లకి 1.000, చక్కెర ఎక్కువుంటే అంకె ఎక్కువ, పులిసేకొద్దీ దిగుతుంది. 1.050తో మొదలై 1.010కి దిగితే సుమారు 5.25 శాతం ఆల్కహాల్. రెండు మూడు రోజుల తేడాతో చూసినా అంకె మారకపోతేనే సీసాల్లో నింపాలి. మిగిలిపోయిన చక్కెరకి గ్యాస్ కోసం మనం కలిపే చక్కెర తోడైతే గాజు సీసా బాంబులా పేలుతుంది.

అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేశాక ఇంట్లో వైన్‌కి దారి దొరికింది, బీరుకి దొరకలేదు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో కేంద్రం ఒప్పుకుంది. ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరుంటే 200, అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. ఇది చదివి హైదరాబాద్‌కో విజయవాడకో సూట్‌కేసులో కిట్ పట్టుకెళ్దామనుకునేవాళ్లకి ఒక మాట: అక్కడ లైసెన్సు లేకుండా బీరు కాచినా ఎక్సైజ్ కేసే.

మా అమ్మకి ఈ తేడాలేవీ పట్టవు. "సారా కాస్తున్నావంట గదరా" అంది ఫోన్లో. సారా అంటే బట్టీ పెట్టి ఆవిరి పట్టాలమ్మా, ఇది పులియబెట్టడమే అంటే నమ్మలేదు.

ఇప్పుడు కాచింది హాల్లో బట్టల అలమరలో ఉంది. నిన్న 1.014, ఇవాళా 1.014. ఎల్లుండి ఇంకోసారి చూస్తాను.