చేతిరుమాలుగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చేతిరుమాలుగారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ ఈ వ్యవహారంలో రెండో పక్షం ప్రాంగ్‌హార్న్ అనే అమెరికా మైదానాల జింకలాంటి జంతువు కాబట్టి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. తమరు మాత్రం క్షేమమే, ఎప్పుడూ క్షేమమే. గుండు తగిలేది ఇంకొకరికి కదా.

అమెరికా పడమటి మైదానాల కథ చెప్పేవాళ్లు తుపాకిని పొగుడుతారు, గుర్రాన్ని పొగుడుతారు. గంటకు 85 కిలోమీటర్లకు తగ్గకుండా దూసుకుపోగల ఆ జంతువుకు ఊగి కుతూహలం పుట్టించి, మెల్లగా నడిపించి తుపాకి ముందు నిలబెట్టిన తమరి పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ లోటు తీరుద్దామనే ఈ ఉత్తరం.

1804 సెప్టెంబర్ 14న మిస్సోరీ నది ఒడ్డున, ఇప్పటి దక్షిణ డకోటాలో, అమెరికా ప్రభుత్వం పడమటికి పంపిన యాత్రకు నాయకుల్లో ఒకడైన విలియం క్లార్క్ ఆ యాత్రలో మొదటి మగ ప్రాంగ్‌హార్న్‌ను కొట్టాడు. దాన్ని మేక అని రాసుకున్నాడు, ఆ పక్కనే ఆఫ్రికా జింకలా ఉందనీ రాసుకున్నాడు. నిజానికి అది రెండూ కాదు. మన కృష్ణజింక కొమ్ము ఒకసారి వస్తే ఇక ఊడదు. దీనికేమో లోపలి ఎముక అలాగే ఉండి, పైనున్న తొడుగు ఏటా ఊడి మళ్లీ పెరుగుతుంది. కొమ్ముకు కనిపించే ఆ చీలిక తొడుగుదే. ఆ వంశంలో ఇప్పుడు బతికున్నది ఇదొక్కటే.

మూడు రోజుల తర్వాత ఆడదాన్ని కూడా సంపాదిద్దామని యాత్ర రెండో నాయకుడు మెరివెదర్ లూయిస్ ఆరుగురు వేటగాళ్లతో బయల్దేరాడు. గుట్ట మీద ఏడు కనిపించాయి. మగది గుట్ట చుట్టూ తిరుగుతూ కాపలా కాస్తోంది. రెండు వందల అడుగుల... అడుగులంటే కొలబద్ద అడుగులు కావు, నడిచే అడుగులు... దూరం దాకా పాకాడో లేదో, వాసన పట్టేసి మాయమయ్యాయి. అవి నిలబడ్డ చోటికి ఆయన పరుగున చేరి చూస్తే మందంతా దాదాపు మూడు మైళ్ల అవతలి గట్టు మీద ఉంది. ఇవి అవేనా అని మొదట ఆయనకే నమ్మకం కుదరలేదట. నాలుగు కాళ్ల జంతువు పరుగులా కాదు, పక్షులు ఎగిరిపోయినట్టు ఉందని రాసుకున్నాడు. అప్పటికి తమరి సేవలు ఆయనకు అందలేదు, పాపం.

గుర్రాల సంగతీ చూద్దాం. 1805 ఆగస్టు 14న షోషోనీ అనే అక్కడి ఆదివాసీ తెగ రౌతులు ఇరవై మంది దాకా, పది ప్రాంగ్‌హార్న్‌ల మంద మీదికి వెళ్లడం లూయిస్ కళ్లారా చూశాడు. ఒక గుర్రానికి ఇది చిక్కదని వాళ్లకు తెలుసు. అందుకే అయిదారు మైళ్ల మేర విడివిడిగా కాచుకుని, ఒకరి గుర్రం అలిసేసరికి ఇంకొకరు అందుకుంటూ వంతులవారీగా తరిమారు. రెండు గంటల తర్వాత గుర్రాలు నురగలు కక్కుతూ తిరిగొచ్చాయి. చిక్కినవి సున్న. నలభై యాభై మంది పూటంతా తరిమినా రెండో మూడో పడితే గొప్పే అని కూడా ఆయన రాశాడు.

ఇక తమరి పద్ధతి. గాలి ముఖానికి తగిలేలా చూసుకోవాలి, వీపున గాలి ఉంటే ఆ పూటకు వేట ముగిసినట్టే. మోకాలెత్తు సేజ్ పొదల్లోనో చిన్న పల్లంలోనో బోర్లా పడుకోవాలి. తుపాకీలో మందు దట్టించే చువ్వ కొసకు తమరిని కట్టి, పొద మీదుగా ఒక్క క్షణం చూపించి దించెయ్యాలి. చూపించడం కన్నా దించడం ముఖ్యం. ఆపకుండా ఊపితే అది చూసేసి, ఇందులో ఏమీ లేదని తేల్చుకుని వెళ్లిపోతుంది. కనిపించి మాయమైతే, అదేమిటో తేలేదాకా దానికి మనసు నిలవదు. నాలుగడుగులు వేసి ఆగుతుంది, వెనక్కి పరుగెత్తుతుంది, మళ్లీ వస్తుంది. రెండు మూడు విడతలు ఇలాగే సాగుతుంది. మధ్యలో చుట్టూ తిరిగి గాలివాలుకు రావాలని చూస్తుంది, అక్కడే చాలామంది వేట చెడేది. తుపాకేమో నోట్లోంచి మందు పోసేది, మళ్లీ నింపేసరికి మంద కంటికి ఆనదు. కాబట్టి వంద గజాల లోపు దాకా దగ్గు రాకూడదు, కాలు తిమ్మిరెక్కినా కదలకూడదు.

టోపీ ఎత్తినా, చెయ్యో కాలో ఎత్తినా ఇంతే అని లూయిస్, క్లార్క్‌ల యాత్ర పుస్తకంలో 1805 ఏప్రిల్ సంగతుల కిందే ఉంది. 1859లో కెప్టెన్ రాండాల్ఫ్ మార్సీ బళ్లలో పడమటికి పోయేవాళ్లకు ఇచ్చిన సలహాల్లో చేతిరుమాలని తమరి పేరే రాశాడు. తమరికి దక్కిన అధికారిక గుర్తింపు బహుశా అదొక్కటే. పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ 1843లో తమరి దాకా కూడా రాలేదు. వెల్లకిలా పడుకుని ఒక కాలు తర్వాత ఒక కాలు ఆకాశంలోకి తన్నాడు. యాభై ఎనిమిదేళ్ల పెద్దమనిషి ఇరవై నిమిషాలు గడ్డిలో సైకిల్ తొక్కుతుంటే మంచి మగది ఒకటి అరవై గజాల దాకా వచ్చింది. పడుకున్నవాడు పడుకున్నట్టే పేల్చాడు. అది పారిపోయింది. పక్కనున్న మిత్రుడు హారిస్ కూడా పేల్చాడు, ఇంకా జోరుగా పారిపోయింది. కొన్ని వందల గజాలు పోయాక ఆగి వెనక్కి తిరిగి ఇంకోసారి చూసి మరీ వెళ్లింది. రెండు తుపాకులు పేలినా దాని అనుమానం తీరలేదన్నమాట.

తమరి బంధువర్గం ప్రతిభ మనుషుల దగ్గర మాత్రం పనిచెయ్యలేదు, గుర్తుచేస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 1805 ఆగస్టు 11న లూయిస్‌కు ఒక షోషోనీ రౌతు దూరంగా కనిపించాడు. స్నేహానికి సంకేతమని లూయిస్ దుప్పటి విప్పి తలపైకి విసిరి నేల మీద పరిచినట్టు మూడుసార్లు చేశాడు. ఆ మనిషి కాసేపు చూశాడు, ఆగాడు, చివరికి గుర్రాన్ని తిప్పి వాగు దాటించి చెట్లలోకి మాయమయ్యాడు. బుద్ధిమంతుడు.

మరి ఇంత చురుకైన జంతువు గుడ్డముక్కకు ఎందుకు లొంగింది? తెలివి తక్కువై అనుకుంటే పొరపాటు. దాని పెద్ద కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, మైళ్ల దూరంలో కదిలేది కూడా కనిపెడతాయి. చెట్టూ పుట్టా లేని మైదానంలో తోడేలు ఎక్కడుందో తెలిసినంతసేపు భయం లేదు, పరుగులో అది ఎలాగూ అందుకోలేదు. ప్రమాదమంతా ఎక్కడుందో తెలియని తోడేలుతోనే. అందుకని అంతుపట్టనిది కనిపిస్తే వెళ్లి తేల్చుకోవడమే దానికి క్షేమం. ఇప్పటి తోడేళ్ల నుంచి తప్పించుకోవడానికి ఇంత వేగం అక్కర్లేదు. మంచుయుగం చివర్లో అంతరించిన అమెరికా చీతా నుంచి తప్పించుకోవడానికి వచ్చిన వేగమని కొందరు జీవశాస్త్రవేత్తల అభిప్రాయం. వేల ఏళ్లుగా నడిచిన ఈ లెక్కలో వంద గజాల నుంచి చంపగలిగేది ఏదీ లేదు. తమరు దూరింది ఆ సందులోనే.

పైగా దానికీ సొంత రుమాలుంది. బెదిరితే పిరుదుల మీది తెల్లటి వెంట్రుకలు నిక్కబొడుచుకుని పువ్వులా విచ్చుకుంటాయి. ఎండలో అది ఎంతో దూరానికి మెరుస్తుంది, ఒకటి విప్పితే మందంతా విప్పుతుంది. తన వాళ్లను కాపాడుకోవడానికి తెల్లగుడ్డ ఊపే జంతువును తెల్లగుడ్డ ఊపి చంపారు. తమరికి సిగ్గేమైనా ఉంటే ఈ పాటికి ఎర్రబడి ఉండాలి. ఎర్రవి కూడా వాడారనుకోండి.

నేరమంతా తమరి నెత్తిన వేయడం న్యాయం కాదు. నీళ్లలో దాని పరుగు పనికిరాదు. 1804 అక్టోబర్ 16న మంద నది దాటుతుంటే అరికారా అనే ఆదివాసీ తెగ కుర్రాళ్లు నీళ్లలోకి దిగి కర్రలతో కొట్టి ఒడ్డుకు లాగారు, క్లార్క్ లెక్కపెడితే 58. అయితే అది చలికాలపు తిండి. తర్వాత వచ్చిన మాంసం వ్యాపారులు, పశువుల కంచెలు కలిసి 20వ శతాబ్దం మొదటికల్లా లక్షలాది ప్రాంగ్‌హార్న్‌లను కొన్ని వేలకు దించాయి.

కంచె దగ్గర దాని కథ మరీ విచిత్రం. కాళ్లలో బలమున్నా దూకదు, వంగి కింది తీగ సందులోంచి దూరుతుంది. ముళ్లతీగ అయితే వీపు గీరుకుని వెంట్రుకలు ఊడతాయి, అక్కడ చలికి చర్మం దెబ్బతింటుంది. కింది తీగకు ముళ్లు లేకుండా, నేలకు 16 నుంచి 18 అంగుళాల ఎత్తులో కడితే హాయిగా దాటుతుంది. మంచు పేరుకుంటే ఆ సందూ మూసుకుపోతుంది, అప్పుడు మంద కంచె వెంబడే మైళ్లు నడుస్తుంది. వయోమింగ్‌లో ట్రాపర్స్ పాయింట్ దగ్గర 2012లో హైవే మీదుగా వంతెన కట్టింది ప్రధానంగా ఈ జంతువు కోసమే. ఆ దారిలో అది వేల ఏళ్లుగా వలస పోతోంది. వంతెన అటూ ఇటూ తమరు ఎవరి చేతిలోనూ ఊగకుండా ఉంటే చాలు.

ఇట్లు,
ముక్కు తుడుచుకోవడానికి మాత్రమే తమరిని వాడే
ఒక విధేయుడు

తా.క.: టెక్సాస్‌లో మన కృష్ణజింకలు కూడా ఉన్నాయి, 1930ల్లో తెచ్చి పెంచినవి. అక్కడి తెలుగువాళ్లు తమరిని జేబులో వేసుకుని వెళ్లినప్పుడు తికమక పడకుండా ఒక్క మాట: కొమ్ము మెలితిరిగి ఉంటే కృష్ణజింక, ముందుకు ఒక చీలిక ఉంటే ప్రాంగ్‌హార్న్. ఆడవైతే గొంతు మీద అడ్డంగా తెల్లపట్టీలు చూడాలి, అవి ప్రాంగ్‌హార్న్‌కే ఉంటాయి.