తాళం వేయలేదంటే రమ్మన్నట్టు కాదు

మొన్న నలుగురం కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒక ఫ్రెండ్ చాలా మామూలుగా అన్నాడు: "మా పక్కింటి వాళ్ల వైఫైకి పాస్‌వర్డ్ లేదురా. ఆరు నెలలైంది నేను నెట్‌కి డబ్బు కట్టి." అందరూ నవ్వారు. ఒకరు భుజం కూడా తట్టారు. నాకు నవ్వు రాలేదు. అదే పని ఒకప్పుడు నేనూ చేశాను. దాని దెబ్బ ఎవరికి తగులుతుందో దగ్గర్నుంచి చూశాను. అక్కడ నోరు పెగల్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది.

అప్పుడే ఇల్లు మారాను. నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వారం పడుతుందన్నారు. ఫోన్‌లో వైఫై ఆన్ చేస్తే చుట్టుపక్కల ఇళ్ల పేర్లన్నీ వరసగా వచ్చాయి. అన్నిటి పక్కనా చిన్న తాళం బొమ్మ ఉంది, ఒక్కదానికి తప్ప. దాని పేరు కూడా రౌటర్ కంపెనీ వాళ్లు పెట్టిందే, చివర నాలుగు అక్షరాలతో. నొక్కాను, కనెక్ట్ అయిపోయింది. వారమే కదా అనుకున్నాను. వారం కాస్తా నెల అయింది. సొంత కనెక్షన్ సంగతే మర్చిపోయాను. ఇలా నాలుగు నెలలు.

రోజూ రాత్రి తొమ్మిది దాటాక గోడ అవతల నుంచి ఆంటీ గొంతు వినపడేది. ఒంటరిగా ఉంటారు, కొడుకు దూరదేశంలో. "వినపడుతోందా నాన్నా? నువ్వు ఆగిపోయావు. మొహం కదలట్లేదు. హలో? హలో?" కాసేపు నిశ్శబ్దం. మళ్లీ "ఆఁ, ఇప్పుడు చెప్పు. ఏమన్నావు ఇందాక?" గోడకి ఇవతల నేను మంచం మీద పడుకుని ఏదో వీడియో చూస్తూ ఉండేవాణ్ని. ఆ రెండిటికీ సంబంధం ఉందని ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టకుండా నేనే చూసుకున్నానేమో, ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తుంది.

ఒకరోజు మెట్ల దగ్గర కనబడి ఆవిడే అడిగారు. "బాబూ, నీకు ఈ కంప్యూటర్ విషయాలు తెలుసు కదా. నెట్ వాళ్లకి మూడుసార్లు ఫోన్ చేశాను. నెల సగంలోనే డేటా అయిపోతోంది, అందుకే స్పీడ్ తగ్గుతోంది, మీరే ఎక్కువ వాడేస్తున్నారు అంటారు. నేను మాట్లాడేది రోజుకి ఒక్క కాల్. ఇంకేం వాడతాను చెప్పు?"

చూస్తానన్నాను, అంతే. ఇంట్లోకి వచ్చి తలుపేసుకున్నాక మాత్రం కాళ్లు వణికాయి.

ఇక వాదనల సంగతి. అన్నీ నేను నాకు చెప్పుకున్నవే, కాబట్టి బాగా తెలుసు.

"సిగ్నల్ మా ఇంట్లోకే వస్తోంది, నేను వెళ్లి తెచ్చుకోవట్లేదు కదా" అనేది మొదటిది. పక్కింటి లైటు వెలుగు మన వరండాలో పడితే ఆ వెలుగులో చదువుకుంటాం, అది దొంగతనమా అని అడుగుతారు. కాదు. ఆ వెలుగు మీరు చదివినా చదవకపోయినా అంతే ఉంటుంది. వైఫై అలాంటిది కాదు. మీ ఫోన్ ముందు ఆ రౌటర్‌ని అడుగుతుంది, రౌటర్ మీకో లోపలి అడ్రస్ ఇస్తుంది, మీరు కోరినదాన్నల్లా బయటికి మోసుకెళ్లి జవాబు మోసుకొస్తుంది. అది మన గుమ్మంలో పడ్డ వెలుగు ఎలా అవుతుంది? పక్కింటి మనిషిని వాళ్లకి తెలియకుండా మన పనులకి తిప్పుకోవడం అవుతుంది.

"కొంచెమే వాడుతున్నాను, వాళ్లకేం తరిగిపోతుంది" అనేది రెండోది. అపరిమిత డేటా ఉన్నా ఈ మాట నిలబడదు. వైఫైలో ఒక ఛానెల్‌లో, అంటే ఒకే రేడియో దారిలో, ఒక క్షణంలో సాధారణంగా ఒక్క పరికరమే మాట్లాడగలదు, మిగతావి తమ వంతు కోసం ఆగాలి. గోడ అవతల బలహీనమైన సిగ్నల్ మీద ఉన్న ఫోన్ నెమ్మదిగా మాట్లాడుతుంది. అదే డేటా పంపడానికి గదిలో ఉన్న ఫోన్ కంటే ఎక్కువ సమయం పట్టేస్తుంది. అంటే దూరం నుంచి దొంగచాటుగా వాడే మనమే ఆ ఇంటివాళ్లని ఎక్కువసేపు ఆపుతున్నాం. "నువ్వు ఆగిపోయావు నాన్నా" అన్న మాటలో నా వాటా ఎంతో నేను కొలవలేను. ఉందని మాత్రం తెలుసు.

"ఫోనే దానంతటది కనెక్ట్ అయింది" అనేది ఇంకొకటి. ఫోన్ ఒకసారి కలిసిన నెట్‌వర్క్‌ని గుర్తుపెట్టుకుని మళ్లీ తనే కలుస్తుంది, నిజమే. కానీ ఆ మొదటిసారి నొక్కిన వేలు ఎవరిది?

అసలు నన్ను కుదిపేసింది ఇవేవీ కావు, డేటా లెక్క అంతకన్నా కాదు. మనం ఆ రౌటర్ నుంచి బయటికి వెళ్లినప్పుడు ఎవరి పేరు మీద వెళ్తున్నాం అన్నది. ఆ ఇంట్లోని టీవీ, ఆవిడ ఫోన్, గోడ అవతల నా ల్యాప్‌టాప్, అన్నీ బయటి ప్రపంచానికి సాధారణంగా ఒకే ఐపీ అడ్రస్‌గా, అంటే నెట్‌లో ఆ కనెక్షన్‌ని గుర్తుపట్టే ఒకే నంబర్‌గా, కనబడతాయి. ఆ అడ్రస్ ఎవరిదని ప్రొవైడర్‌ని అడిగితే రికార్డుల్లో ఆవిడ పేరే వస్తుంది. నాలుగు నెలలు నేను చూసినవీ వెతికినవీ దించుకున్నవీ అన్నీ ఆవిడ పేరు మీదే జరిగాయి. సొమ్మొకడిది సోకొకడిది అంటారు, ఇక్కడ సొమ్ముతో పాటు పేరు కూడా వాళ్లదే.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకి కొద్ది నిమిషాల ముందు మీడియాకి ఒక ఈమెయిల్ వెళ్లింది. ఐపీ అడ్రస్ పట్టుకుని పోలీసులు వెళ్తే నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇల్లు వచ్చింది. ఆయన వైఫైకి రక్షణ లేదు, దాన్ని ఎవరో వాడుకున్నారు. దేశాన్ని కుదిపేసిన కేసులో ఆ మనిషి విచారణ ఎదుర్కోవాల్సి వచ్చింది. 2011లో అమెరికాలోని బఫలోలో ఒక ఇంటి తలుపు పొద్దున్నే బద్దలుకొట్టి, ఫెడరల్ ఏజెంట్లు తుపాకులు గురిపెట్టి, ఇంటాయన్ని పిల్లల అశ్లీల చిత్రాలు దించుకున్నావని నిలదీశారు. ఆయన ఏమీ చేయలేదు, వైఫైకి పాస్‌వర్డ్ పెట్టుకోలేదంతే. ఆ పని చేసింది పొరుగున ఉండే 25 ఏళ్ల కుర్రాడు. నిజం బయటపడటానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులు ఆ ఇంట్లో ఎలా గడిచి ఉంటాయి? భార్య ముందు, ఇరుగుపొరుగు ముందు ఆయన ఏమని చెప్పుకుని ఉంటాడు?

"నేను అలాంటివి చేయను" అంటారు. నమ్ముతాను. కానీ మీరేం చేస్తారో చేయరో ఆ ఇంటివాళ్లకి తెలియదు. తెలుసుకునే అవకాశం కూడా మీరు వాళ్లకి ఇవ్వలేదు. వాళ్ల పేరు మీద బయట తిరిగే హక్కు మీకు మీరే ఇచ్చేసుకున్నారు.

చట్టం గురించి ఒక్క మాట, ఎందుకంటే "పాస్‌వర్డ్ లేకపోతే కేసు అవ్వదు" అని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. 2005లో లండన్‌లో ఇంకొకరి వైర్‌లెస్ కనెక్షన్ వాడినందుకు ఒకరికి 500 పౌండ్ల జరిమానా పడింది. సింగపూర్‌లో పక్కింటి నెట్‌వర్క్ వాడిన 17 ఏళ్ల అబ్బాయికి 2007లో 18 నెలల ప్రొబేషన్, అంటే జైలుకి బదులు నిఘాలో ఉంచే శిక్ష, వేశారు. ఇటు యజమానికీ తిప్పలు తప్పలేదు. జర్మనీలో ఒకాయన సెలవులకి వెళ్లినప్పుడు ఆయన వైఫై ద్వారా ఎవరో ఒక పాట పంచుకున్నారు. తగిన రక్షణ పెట్టుకోనందుకు కొంత బాధ్యత ఆయనదే అని 2010లో అక్కడి అత్యున్నత కోర్టు చెప్పింది. ఆ బాధ్యతని 2017లో చట్టం మార్చి సడలించారు. చేసినవాడు ఎవరో తెలియదు, లీగల్ నోటీసు అందుకున్నది ఊళ్లో లేని మనిషి!

అందరూ పాస్‌వర్డ్ మర్చిపోయి వదిలేస్తారని నేననట్లేదు. కావాలనే తెరిచి ఉంచేవాళ్లూ ఉన్నారు. సెక్యూరిటీ నిపుణుడు బ్రూస్ ష్నయర్ 2008లో తన ఇంటి వైఫై కావాలనే తెరిచి ఉంచుతానని, అది అతిథి మర్యాద లాంటిదని రాశారు. అలాంటివాళ్లంటే నాకు గౌరవం. పేరులోనే "గెస్ట్" అనో "ఫ్రీ" అనో పెడితే అది పిలుపే, మొహమాటం లేకుండా వాడుకోండి. కానీ కంపెనీ పెట్టిన పేరు కంపెనీ పెట్టినట్టే ఉందంటే, ఆ మనిషి సెట్టింగ్స్ జోలికే వెళ్లలేదని అర్థం. పాత రౌటర్లు చాలావరకు పాస్‌వర్డ్ లేకుండానే డబ్బాలోంచి వచ్చేవి. ప్లగ్ పెడితే నెట్ వచ్చింది, వాళ్లు అక్కడితో వదిలేశారు. వాళ్లకి తెలియకపోవడాన్ని మనం ఒప్పుకోలుగా రాసుకుంటున్నాం, నన్ను కాల్చేది అదే. పైగా సాంకేతికం తెలిసినవాళ్లం ఆ పని చేస్తున్నాం. తెలిసినవాడు తెలియనివాళ్లకి చెప్పాలి కదా!

ఎవరికో ప్రాణం మీదకి వచ్చింది, అంబులెన్స్ పిలవాలి, మీ ఫోన్‌లో సిగ్నల్ లేదు. వాడండి. తర్వాత వెళ్లి చెప్పండి. దీనిమీద నాకు ఏ పేచీ లేదు. మిగతా అన్నిటికీ తలుపు కొట్టి అడగొచ్చు. అడగందే అమ్మైనా పెట్టదు అనే మనకి, రెండడుగుల దూరంలో ఉన్న తలుపు కొట్టడానికి ఏం బరువు? వద్దంటారేమో అనే భయం. వద్దనే హక్కు వాళ్లకుంది, మనం తప్పించుకుంటున్నది సరిగ్గా దాన్నే.

రెండు రోజులు ఆగి ఆంటీ దగ్గరకి వెళ్లాను. "మీ డేటా అయిపోవడానికి కారణం నేనేనండి" అని చెప్పాను. నాలుగు నెలలు అని కూడా చెప్పాను. ఆవిడకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. తిడతారని సిద్ధపడి వెళ్లాను. ఆవిడ కుర్చీలో కూర్చుని, చాలాసేపటికి, "అయితే ఆ నెట్ వాళ్ల ఫోన్‌లో అబ్బాయి చెప్పింది నిజమేనన్నమాట. పాపం, మొన్న వాణ్ని నోటికొచ్చినట్టు అన్నాను" అన్నారు.

ఎక్కడో కూర్చుని జీతానికి ఫోన్లెత్తే ఒక అబ్బాయి, నేను చేసినదానికి మాటలు పడ్డాడు. అతను నా లెక్కలో ఎప్పుడూ లేడు.

ఆ నాలుగు నెలల బిల్లులో సగం ఇస్తానంటే తీసుకోలేదు. రెండోసారి బలవంతం చేస్తే తీసుకున్నారు. రౌటర్ సెట్టింగ్స్ తెరిచి, డబ్ల్యూపీఏ2 అనే వైఫై రక్షణ పెట్టి, అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చాలని చెప్పి, ఫోన్ ఆవిడ చేతికి ఇచ్చాను. కొత్త పాస్‌వర్డ్ నన్నే పెట్టమన్నారు. మీరే పెట్టండి, నాకు చెప్పకండి అన్నాను. కళ్లజోడు పైకి జరుపుకుని ఒక్కో అక్షరం వెతికి నొక్కుతుంటే, నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.