సీయే రహస్యాలు, గోడ మీద లామినేషన్

"సీయే ఇంటర్ మొదటి అటెంప్టులోనే కొట్టడానికి ఏడు రహస్యాలు." సీయే ఇంటర్ అంటే చార్టర్డ్ అకౌంటెంట్ కోర్సులో మధ్య మెట్టు పరీక్ష. ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చిన మెసేజీ ఇది. మొదట మా పిన్ని పంపింది, తర్వాత స్కూలు గ్రూపులో రెండుసార్లు, ఆ తర్వాత బరంపురం బావ. నిన్న ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో జిరాక్సు షాపుకి వెళ్తే గోడకి అంటించి ఉంది, లామినేషన్ చేయించి మరీ. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

రోజుకి పదహారు గంటలు చదవాలట. మిగిలిన ఎనిమిదింట్లో నిద్ర, తిండి, స్నానం, ఈ మెసేజీ పదిమందికి పంపడం అన్నీ కానిచ్చుకోవాలి కాబోలు.

తెల్లవారుజామున మూడింటికి లేవాలట. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి. మూడింటికి లేచి, అన్నం తిని హాల్లో కూర్చున్నవాడికి ఏమొస్తుందో చెప్పక్కర్లేదు. ఇక మూడు, నాలుగు: బ్రాహ్మి లేహ్యం తినాలట, తూర్పుముఖంగా కూర్చుని చదవాలట. మా ఇంట్లో తూర్పుకి తిరిగితే ఎదురుగా టీవీ ఉంటుంది. ఈ రెండూ వదిలేద్దాం.

ఐదోది: ఈ పరీక్ష పెట్టే ఇన్‌స్టిట్యూట్ (ఐసీఏఐ) మెటీరియల్ తెరవొద్దు, పాసైన సీనియర్ నోట్సు చాలు. ఏ ఏడాది సీనియర్? 2023 బడ్జెట్‌తో కొత్త పన్ను విధానం డిఫాల్ట్ అయింది, అందులో 7 లక్షల ఆదాయం దాకా రిబేటు వచ్చింది. 2025లో అదే 12 లక్షలకి చేరింది. పాత నోట్సుతో లెక్క ఎంత చక్కగా చేసినా జవాబు తప్పే. మీ అటెంప్టుకి ఏ సవరణలు వర్తిస్తాయో ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఆర్‌టీపీ (రివిజన్ టెస్ట్ పేపర్) తీస్తే ఉంటుంది. డబ్బులేం అడగరు.

నాకు ఒళ్లు మండింది ఆరోదానికి. "అర్థమైతే చాలు. రాసి ప్రాక్టీసు చేయడం టైం దండగ. సిలబస్ నాలుగుసార్లు చదివాకే మాక్ టెస్టు."

2024 మేలో నేను చేసింది అచ్చంగా ఇదే. గ్రూప్ వన్‌లో అకౌంటింగ్ 46, లా 49, టాక్సేషన్ 52. మూడింట్లోనూ కనీసం రావాల్సిన 40 దాటాను. మొత్తం 147. పాసవ్వడానికి మూడింట్లో కలిపి కావాల్సింది 150.

జవాబు పత్రాల కాపీలు తెప్పించుకుని చూశాను. లా పేపర్లో ఒక పేజీ ఉంది, ఇప్పటికీ నా ఫోన్‌లో దాచుకున్నాను. "యాజ్ పర్ ది" అని మొదలుపెట్టి కొట్టేశాను. కింద మళ్లీ "యాజ్ పర్ ది". మళ్లీ కొట్టివేత. ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు, మా అమ్మకి కూడా విడమరిచి చెప్పగలను. తెలుగులో. ఆ తడబాటుకే టైం అయిపోయి ఆఖరి ప్రశ్న ముట్టనేలేదు.

మన సరిహద్దు పిల్లల సంగతి ఇదే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, యూట్యూబ్‌లో క్లాసు తెలుగులో విని తల ఊపుతాం. పరీక్ష మాత్రం ఇంగ్లీషులో రాయాలి, కాదంటే హిందీలో. తల ఊపినంత తేలిగ్గా పెన్ను కదలదు. మనలాంటివాళ్లకి పోయి పోయి "రాయొద్దు" అని సలహా ఇస్తారా?

2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు మళ్లీ మళ్లీ చదవడమా, గుర్తుచేసుకుని రాయడమా అన్నదాన్నే పరీక్షించి చూశారు. చదివిన ఐదు నిమిషాలకి టెస్టు పెడితే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి పెడితే, కాగితం పక్కనపెట్టి గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందుకొచ్చారు. ఆరో రహస్యం ఆ ఐదు నిమిషాలకైతే భేషుగ్గా పనిచేస్తుంది.

సెప్టెంబరు అటెంప్టుకి నేను ముఖ్యంగా మార్చింది ఒక్కటే. రోజూ రాత్రి పుస్తకం మూసి ఒక లా ప్రశ్న రాసేదాన్ని: చట్టం ఏమంటోంది, ఇచ్చిన సందర్భానికి అదెలా వర్తిస్తుంది, చివరికి తేలిందేంటి. సెక్షన్ నంబరు గట్టిగా గుర్తులేకపోతే "కంపెనీల చట్టం, 2013 ప్రకారం" అని ఇంగ్లీషులో రాసి ముందుకెళ్లడమే. తప్పు నంబరు వేయడం కంటే అది నయం. మొదటి పది రోజులు నా ఇంగ్లీషు చూసి నాకే ఏడుపొచ్చింది. ఆ తర్వాత "యాజ్ పర్ ది" దగ్గర ఆగలేదు. గట్టెక్కాను.

ఏడోది: చిన్న ఊళ్లో ఉంటే సీయే రాదు, వైజాగ్ వెళ్లాలి. దీన్ని చీల్చి చెండాడదామనే కూర్చున్నాను, కానీ అబద్ధం ఆడలేను. ఫెయిలయ్యాక రెండు నెలలు నేనూ వైజాగ్‌లోనే ఉన్నాను. అక్కడి క్లాసులు గొప్పేం కాదు. కానీ రీడింగ్ రూమ్‌లో పక్క బల్ల అమ్మాయి సరిగ్గా రెండింటికి ప్రశ్నపత్రం తిప్పేది, ఐదింటికి పెన్ను కింద పెట్టేది. సిగ్గేసి నేనూ రాశాను. పర్లాకిమిడిలో నాకు అలాంటి మనిషి దొరకలేదు.

అందుకే ఇప్పుడు ఆదివారాలు మధ్యాహ్నం మా ముందుగదిలో రాయిస్తున్నాను. ఇద్దరు వస్తున్నారు, ఒకబ్బాయి పాతపట్నం నుంచి. ఇంకా ఎవరైనా వస్తామంటే రండి, గడియారం మాత్రం తెచ్చుకోండి. మా గోడ గడియారం ఏడు నిమిషాలు వెనక నడుస్తుంది.