మెడ వెనక గడ్డ గారికి

గడ్డ గారికి నమస్కారం.

తమరు క్షేమమని తెలుసు. ఎర్రబడి, వేడెక్కి, చొక్కా కాలర్ తగిలితే చాలు మెడ మొత్తాన్ని గుంజేస్తూ మంచి వైభవంలో ఉన్నారు. నా సంగతే బాగోలేదు. మిట్ట మధ్యాహ్నం సి.క్యాంప్ నుంచి గాయత్రి ఎస్టేట్స్ దాకా ఎండలో పోయి, టోకెన్ తీసుకుని, పక్క సీటు పిల్లాడి ఫోన్లో కార్టూన్ పాటలన్నీ కంఠతా వచ్చేదాకా కూర్చున్నాను. సాయంత్రం టీ వేళకు లోపలికి పిలిచారు. సర్జన్ గారు అర నిమిషం తమరి దర్శనం చేసుకుని, "ఇప్పుడు ముట్టుకోకూడదు. మందులు వాడండి, వాపు పూర్తిగా తగ్గాక కొన్ని వారాలు ఆగి రండి, అప్పుడు తీసేద్దాం" అన్నారు.

వాపు తగ్గాక! తమరికి వాపే లేని రోజుల్లో, నొప్పి లేకుండా, చర్మం కింద బుద్ధిగా శనగ గింజంత ఉన్నప్పుడు ఇదే ఊళ్లో వేరే డాక్టర్‌కు చూపించాను. ఆయన వేలితో అటూ ఇటూ కదిపి, మధ్యలో ఉన్న నల్ల చుక్కను లైటేసి చూసి, "ఎపిడెర్మాయిడ్ సిస్ట్. క్యాన్సర్ కాదు, ఏం కాదు. ఇబ్బంది లేనప్పుడు కొయ్యడం ఎందుకు, వదిలెయ్యండి" అన్నారు. నేను వదిలేశాను. తమరు వదల్లేదు.

నొప్పి లేనప్పుడు తీయక్కర్లేదు. నొప్పి ఉన్నప్పుడు తీయకూడదు. మరి తమరు చేతికి దొరికే శుభ ముహూర్తం ఏదో పంచాంగంలో చూపిస్తే బాగుంటుంది.

ఇద్దరిలో ఒక్కరైనా తప్పు చెప్పి ఉంటే వాళ్ల మీద అరిచి కడుపు చల్లార్చుకునేవాణ్ణి. ఇద్దరూ చెప్పింది నిజమేనట, అదీ నా ఖర్మ. తమరి లోపల ఉండేది కొవ్వు కాదు, కెరటిన్. పైచర్మం రోజూ రాల్చుకునే సరుకే. చర్మపు కణాలు కొన్ని లోపలికి పోయి ఒక సంచి కట్టుకున్నాయి. రాలిన పొట్టుకు బయటికి దారి లేక అందులోనే పేరుకుని, మగ్గి, ముక్కు మూసుకునే వాసన తెచ్చుకుంది. చల్లగా ఉన్నప్పుడైతే ఆ చోటికి మాత్రమే మత్తు సూది ఇచ్చి సంచిని గోడతో సహా తీసేసి, కుట్లేసి, అదే రోజు ఇంటికి పంపుతారు. మంటెక్కినప్పుడు ఆ గోడ పక్క కండకు అతుక్కుని, ముట్టుకుంటే చిరిగేలా ఉంటుంది. ఒక ముక్క మిగిలినా తమరు మళ్లీ పుట్టుకొస్తారు. చీము పట్టి ఉంటే చిన్న గాటు పెట్టి చీము వదులుతారు. కానీ సంచి లోపలే ఉంటుంది కాబట్టి అది తాత్కాలిక సంధి మాత్రమే.

కాబట్టి కోసే యోగం తమరు ప్రశాంతంగా ఉన్నప్పుడే. తమరు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇంట్లో ఎవరూ తమరిని పట్టించుకోరు. స్కూలు ఫీజు ఉంటుంది, గ్యాస్ బండ ఉంటుంది, ఎవరిదో పెళ్లి ఉంటుంది.

పెళ్లి అంటే గుర్తొచ్చింది. తమరికి ఈ కోపం తెప్పించింది మా పెద్ద బావ. నంద్యాలలో పెళ్లి భోజనాలకు కూర్చుంటే వెనక నుంచి వచ్చి, "ఇదేందప్పా ఇట్ల పెంచుకున్నావు, పిండేస్తే పోతాది" అంటూ రెండు బొటనవేళ్లతో కసిదీరా నొక్కాడు. విస్తట్లో పప్పు కూడా అప్పుడే పడింది. బయటికి వచ్చింది కొంచెమే, అది కూడా పక్క వరుస దాకా వాసన తెలిసేంత. అసలు నష్టం లోపల. సంచి గోడ పగిలి కెరటిన్ కండలోకి కారితే శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూసి మంటెక్కిపోతుంది. క్రిములు చేరకపోయినా వాస్తుంది, చేరితే ఇక చీమే. బావ చెయ్యి కడుక్కుని స్వీటు తినడానికి పోయాడు. నేను ఆ రాత్రి నుంచి బోర్లా పడుకుంటున్నాను.

మిగతా వైద్యులకూ కొదవ లేదు. అవ్వ సున్నం, బెల్లం నూరి పట్టెయ్యమంది. మెడికల్ షాపు కుర్రాడు కరిగించే ఆయింట్‌మెంట్ ఉందన్నాడు. సంచిని కరిగించే ఆయింట్‌మెంట్ ఉంటే సర్జన్లు ఎప్పుడో వేరే పని చూసుకునేవాళ్లు. మా ఆవిడ తమరిని కొవ్వు గడ్డగా నిర్ధారించి, ఆదివారం ఉగ్గానితో వచ్చే మిరపకాయ బజ్జీలను నా ప్లేట్లోంచి తీసేసింది. లైపోమా అనే అసలు కొవ్వు గడ్డ వేరే ఉంది, దానికి ఈ నల్ల చుక్క ఉండదు అని చెప్పాను. "చుక్క సంగతి తర్వాత, ముందు నూనె తగ్గించు" అంది.

మా చిన్నాయన అయితే గర్వంగా తల వంచి చూపించాడు. ఆయన నెత్తి మీద రెండు, వాళ్ల నాయనకూ ఉండేవట, కొడుక్కీ మొదలైందట. అవి తమరి దాయాదులు, పైలార్ సిస్టులు, వంశంలో వచ్చేవి. పొలం గట్టు కోసం కోర్టుకు తిరిగే కుటుంబంలో అవి మాత్రం ఏ గొడవా లేకుండా పంపకమయ్యాయి.

తమరి జాతికి రాజసేవ కూడా ఉంది, చదివాను. ఇంగ్లండు నాలుగో జార్జి నెత్తి మీద కూర్చున్న తమరి పూర్వీకుణ్ణి ఆస్ట్లీ కూపర్ అనే సర్జన్ తీసేశాడు, 1821లో ఆయన్ను రాజు బారనెట్‌ను చేశాడు. నెత్తి కోసినందుకు బిరుదు! మత్తు సూదులు లేని కాలం అది. ఆ రాజు బహుశా పెళ్లి భోజనాలకు వెళ్లి ఉండడు.

ఇక మర్యాదలు చాలు. విను. నీకు క్యాన్సర్ బుద్ధి లేదని అందరూ నిన్ను మంచివాడంటున్నారు. ఎవరికీ హాని చెయ్యవట. మరి నేను మెడ తిప్పలేక స్కూటర్ మొత్తం తిప్పి వెనక్కి చూస్తుంటే, రాజ్‌విహార్ సెంటర్లో ఆటోవాళ్లు తిడుతుంటే, అది హాని కాదా? ఎరుపు ఇంకా పాకినా, జ్వరం వచ్చినా టోకెన్ లేకుండా నేరుగా వచ్చెయ్యమన్నారు. ఉన్నట్టుండి పెరిగినా, గట్టిపడి కదలకుండా కూర్చున్నా మళ్లీ చూపించమన్నారు. అంటే నువ్వు తిని కూర్చో, నేను కాపలా కాయాలి.

మందులు మొదలుపెట్టాను. బావను వెనక నిలబడనివ్వడం లేదు. సెలూన్లో మెడ మసాజ్ వద్దని ముందే చెప్పేశాను. నువ్వు చల్లబడతావు. చల్లబడగానే ఇంట్లో వాళ్లంతా "తగ్గిపోయింది కదా, ఇంకెందుకు" అంటారు, నాకు తెలుసు. ఆ మాట వాళ్ల నోట రాకముందే ఆపరేషన్ థియేటర్లో బోర్లా పడుకుని ఉంటాను. ఫీజు డబ్బులు బీరువాలో చీరల కింద కాకుండా వేరే చోట పెట్టాను. మచ్చ ఉంటుందన్నారు. ఉండనీ, మచ్చను ఎవడూ పిండడు.

ఇట్లు,
మెడ సొంతదారు,
కర్నూలు