స్టార్ట్ అయితే చాలా?

పాత పడవ ఇంజిన్ అమ్మేవాళ్ళందరి దగ్గరా ఒకటే వీడియో ఉంటుంది. స్టాండ్‌కి బిగించిన ఇంజిన్. ఒకాయన తాడు లాగుతాడు. రెండో లాగుకే భడభడమని అందుకుంటుంది. పొగ, చప్పుడు, ఆయన మొహంలో వెలుగు. కింద అందరూ చప్పట్లు. నాకు మాత్రం ఆ వీడియో చూస్తే ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఆ ఇంజిన్ కింద చుక్క నీళ్ళుండవు.

ఔట్‌బోర్డ్ ఇంజిన్, అంటే పడవ వెనక బయటివైపు బిగించే ఇంజిన్, దానికి రేడియేటర్ ఉండదండీ. సరస్సే దాని రేడియేటర్. గేర్ల పెట్టె పైన చిన్న పంపు, అందులో రబ్బరు రెక్కల చక్రం ఒకటి ఉంటాయి. దాన్నే ఇంపెల్లర్ అంటారు. అది నీళ్ళు పైకి తోడితేనే సిలిండర్లు చల్లబడతాయి. ఆ రబ్బరు అరక్కుండా కాపాడేది కూడా ఆ నీళ్ళే. పొడిగా తిప్పితే కొన్ని సెకన్లలోనే కాలడం మొదలవుతుంది. అంటే "చూడండి, ఎంత బాగా నడుస్తోందో" అని చూపిస్తూనే దాన్ని పాడు చేస్తున్నారన్నమాట.

నేను కొన్నదీ అలాంటి వీడియో చూసే. 1960ల నాటి రెండు సిలిండర్ల ఇంజిన్, దాంతోపాటు ఒక ఫైబర్‌గ్లాస్ పడవ. ఇంజిన్ కింది భాగం విప్పడానికే రెండు వారాంతాలు పట్టింది. అల్యూమినియంలో స్టీలు బోల్టు అన్నేళ్ళు కూర్చుంటే రెండూ ఒకటైపోతాయి. వేడి చేసి, ఆయిల్ పోసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున మళ్ళీ వేడి చేశాను. అయినా ఒకటి విరిగింది. తీరా పంపు తెరిస్తే ఇంపెల్లర్‌కి ఆరు రెక్కల్లో రెండు లేవు. మిగిలిన నాలుగూ ఒకవైపుకి వాలి గట్టిపడిపోయాయి, వేలితో నిలబెడితే అలాగే మళ్ళీ పడుకుంటున్నాయి. సరే, ఆ రెండు ముక్కలూ ఎటు పోయినట్టు? ఒకటి నీళ్ళు పైకెళ్ళే గొట్టంలో ఇరుక్కుంది. రెండోది థర్మోస్టాట్, అదే వేడిని బట్టి నీళ్ళని వదిలే కవాటం, దాని మూత తీశాక కనిపించింది. చాలామంది కొత్త ఇంపెల్లర్ వేసేసి పనైపోయిందనుకుంటారు. పాత ముక్కలు లోపలే ఉంటే కొత్తది ఎంత తోడినా దారి ఉండదు కదా.

ఇక నా తెలివితక్కువతనం కూడా చెప్పాలి. ఇంజిన్ సంగతి తేలకముందే పడవకి రంగు వేయించాను. రెండు పూతలు, ఎర్ర గీత, అద్దంలా మెరుపు. ఫోటోలు పెట్టి మురిసిపోయాను కూడా. నెల తర్వాత ఇంజిన్ బిగిద్దామని వెనక పలక, అదే ట్రాన్సమ్, దాని పాత బోల్టు ఒకటి లాగితే ఆ బొక్కలోంచి టీ డికాక్షన్ లాంటి నీళ్ళు కారాయి. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగింది. పైన ఫైబర్, లోపల ప్లైవుడ్ అంతా కుళ్ళు. ఇంజిన్ బరువూ, అది తోసే బలమూ మొత్తం మోసేది ఆ పలకే. రంగు వేసే ముందు సుత్తి పిడితో నాలుగు చోట్ల కొట్టి ఉంటే తెలిసేది. గట్టి చెక్క టక్‌మంటుంది, కుళ్ళింది దబ్‌మంటుంది. ఐదు నిమిషాల పని.

లోపలి పొర కోసి, కుళ్ళంతా చెక్కి, ఆరబెట్టి, ఎపాక్సీ అనే గట్టి జిగురుతో, నీళ్ళకి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అతికించాను. బోల్టుల బొక్కలు పెద్దగా తొలిచి, ఎపాక్సీ నింపి, అందులో మళ్ళీ సరైన సైజు బొక్క వేశాను. ఇలా చేస్తే నీళ్ళు చెక్కని తాకవు. పాతదాన్ని ముంచింది ఆ బొక్కలే.

ఆయిల్ దగ్గర కూడా సలహాలకి కొదవ లేదు. "50 పాళ్ళ పెట్రోలుకి 1 పాలు ఆయిల్ కలుపు, పొగ రాదు" అని ఒకాయన. ఆ పాళ్ళు తర్వాతి ఇంజిన్లవి. నా ఇంజిన్ మీదున్న ప్లేటు 24కి 1 అంటోంది, దాని బేరింగులకి అంత ఆయిల్ కావాలి. పొగ వస్తే రానివ్వండి. బైకు టూ-స్ట్రోక్ ఆయిల్ పోసేవాళ్ళకి ఒక దండం. నీళ్ళతో చల్లబడే ఔట్‌బోర్డ్‌కి టీసీ-డబ్ల్యూ3 రకం వేరే ఉంది. గేర్ ఆయిల్ తీస్తే పాలలా తెల్లగా వచ్చింది, అంటే సీళ్ళు పోయి నీళ్ళు చేరాయి. సీళ్ళు మార్చాను, ఇథనాల్ పెట్రోలు తిని మెత్తబడ్డ గొట్టాలూ మార్చాను. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు, కాయిల్స్ ఒక పూట పని. కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల పుట్టే ఒత్తిడి, ఒకదానికి 95 పీఎస్‌ఐ, రెండోదానికి 92. అదొక్కటే ఈ మొత్తంలో నన్ను ఏడిపించనిది.

నిన్న పెద్ద డ్రమ్ములో నీళ్ళు నింపి, పంపు మునిగేదాకా దించి తాడు లాగాను. పదకొండో లాగుకి అందుకుంది. వెనక నుంచి నీళ్ళు చిమ్మడం మొదలయ్యేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పది నిమిషాలు నడిపి సిలిండర్ల పై మూత, అదే హెడ్, దాని మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది, కానీ చెయ్యి ఆనింది.

వచ్చే వారం సరస్సులో దింపుతున్నాను. వెనక పలక మీద రంగు ఇంకా వెయ్యలేదు, ఎపాక్సీ మరకలతో దరిద్రంగా ఉంది. ఫోటోలు అడగకండి.